నా చదువుకు బాపు దీక్ష

మూడోసారి పరీక్షకు దరఖాస్తు చేసిన రోజే టైంటేబుల్ కూడా వేసుకున్నాను. విదేశంలో వైద్యం చదివి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరి చెయ్యి పట్టుకుని చూడాలన్నా ముందు ఈ స్క్రీనింగ్ పరీక్ష పాస్ కావాలి. సగం మార్కులొస్తే చాలు. ఆ సగమే నాకు రెండుసార్లు రాలేదు. మా ఊళ్ళో మాత్రం నేను విమానం దిగిన రోజు నుంచీ డాక్టరమ్మనే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో నన్నడగండి.

ఆ టైంటేబుల్ అల్లాటప్పాది కాదు. మే నెల మొదలు పరీక్ష దాకా, పందొమ్మిది సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒక్కో రంగు. పొద్దున పాఠం, ఎండెక్కాక ప్రశ్నలు, సాయంత్రం తప్పులు దిద్దుకోవడం, ఆదివారం మాక్ టెస్టు. పెద్ద చార్టు మీద స్కేలు పెట్టి గీసి, మేడ మీది గదిలో కూలర్ పక్కన అతికించాను. కూలర్ తడికి ఫార్మకాలజీ కారిపోయి పిల్లల వైద్యంలో కలిసింది. ఇంకో చార్టు తెచ్చి మళ్ళీ గీశాను.

నాతోపాటు చదివి, మొదటిసారికే గట్టెక్కి, ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్న స్నేహితురాలు ఒకతె ఉంది. ఉట్నూర్ పిల్ల. చార్టు ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసింది.

“మస్తున్నది, పండుగకు ముగ్గేసినట్టే ఉన్నది. గీ గీతలు గీసే టైంల సదివితే రెండు చాప్టర్లు ఒడుస్తుండె గదనే,” అంది.

నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

మేడ దిగి అవ్వకు, బాపుకు, అంటే మా అమ్మానాన్నలకు కూడా షరతులు చెప్పాను. చుట్టాలు రావద్దు, నన్ను ఏ దావత్‌కూ రమ్మనవద్దు, బీపీ చూడమని ఎవరినీ పైకి పంపవద్దు. అవ్వ సరేనంది. బాపు తిట్టకుండా విన్నాడు. అదే వింత. పసుపు చేను దగ్గర మోటారు ఆగితే మా బాపు తిట్టే తిట్లు ఊరి ఈ కొసకు వినిపిస్తాయి. అటువంటి మనిషి తల ఊపి బయటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే కొండగట్టు అంజన్న గుడికి పోయి, మధ్యాహ్నానికి కాషాయం బట్టలతో, మెడలో మాలతో తిరిగొచ్చాడు.

“నువ్వు సదువుకో బిడ్డా. నీ కోసం పెద్ద హనుమాన్ జయంతి దాకా దీక్ష వట్టిన. ఇగ ఫికర్ లేదు,” అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పూట బాపు కాళ్ళకు దండం పెట్టాను. ఆ ఒక్క పూటే.

తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే బోరు దగ్గర బకెట్ల చప్పుడు, చన్నీళ్ళ స్నానాలు, గంట, ఆ వెనక భజన. మాది పెద్ద వాకిలి, బోరు నీళ్ళకు కొదవ లేదు. అందుకని ఊళ్ళో మాల వేసుకున్న వాళ్ళందరూ మా ఇంటికే చేరారు. మధ్యాహ్నం వాళ్ళందరికీ భిక్ష. అవ్వ పొయ్యి ఆరేది కాదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ బంద్, నా ఉడికిన గుడ్డు బంద్. అన్నిటికన్నా ఘోరం మైకు. ఎత్తున ఉంటే ఊరంతా వినబడుతుందని దాని గొట్టాన్ని తెచ్చి మేడ పిట్టగోడకు, సరిగ్గా నా కిటికీ పక్కన కట్టారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డది.

దీక్షలో ఉన్నవాళ్ళకు మగవాళ్ళందరూ స్వామి, ఆడవాళ్ళందరూ మాత. పుట్టినప్పటి నుంచి నన్ను తిడుతూ పెంచిన బాపు, “మాతా, చాయ్ తాగుతవా?” అని మెట్ల కింద నుంచి మర్యాదగా అడిగేవాడు. చాయ్ తీసుకుని పైకొచ్చిన స్వామి ఎవరైనా ఊరికే పోతాడా? “జర నా బీపీ సూడుండ్రి మాతా,” అని చెయ్యి చాపేవాడు. నా షరతులన్నీ భజనలో కొట్టుకుపోయాయి. భజన గంటలు తీసేసి మూడో చార్టు గీశాను. దాంట్లో చదివే గంటలకన్నా ఖాళీ గళ్ళే ఎక్కువ కనిపించి, ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం మాక్ టెస్టు. అసలు పరీక్షలాగే మధ్యలో లేవకుండా రాయాలి. సగం దాకా వచ్చాను, మొదటిసారిగా జవాబులు బాగానే పోతున్నాయనిపించింది. కింద మిక్సీ, వాకిట్లో మైకు, నా కూలర్, అన్నీ ఒక్కసారే నడిచేసరికి కరెంటు ఎగిరిపోయింది. వైఫై ఆగింది. లాప్‌టాప్‌లో టెస్టు కాస్తా మాయమైంది.

నేను మెట్లు దిగలేదు, దూకాను.

“నా సదువు కోసం దీక్ష వట్టినవా, నా సదువు ఆపెటందుకు వట్టినవా?” అని అందరు స్వాముల ముందూ అరిచాను. “నేను పాసైతే దేవుని పుణ్యం, ఫెయిలైతే నా కర్మ, గంతేనా?”

తాళాలు ఆగిపోయాయి. బాపు తిరిగి తిడతాడని చూశాను. తిడితే బాగుండేది, ఇద్దరం అరుచుకుని చల్లబడేవాళ్ళం. మాలలో ఉన్నవాడికి కోపం పనికిరాదు. రెండు చేతులూ జోడించి, “తప్పైంది మాతా,” అన్నాడు. నాకు ఇంకా మండిపోయింది.

“మాలల ఉన్నోల్ల మీద గట్ల ఒర్రుతరానే?” అని అవ్వ నన్ను లోపలికి గుంజుకుపోయింది. పట్టిన దీక్ష నడుమ విడవగూడదు, ఇంట్లో చావు జరిగితే తప్ప మాల తియ్యరు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ సాయంత్రమే బాపు చాప, చెంబు పట్టుకుని ఊరి హనుమాన్ గుడికి మకాం మార్చాడు. వెంట స్వాములు పోయారు, మైకూ పోయింది.

మర్నాడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కూలర్‌లో నీళ్ళు కారడం వినిపించింది. నేను కోరుకున్నది ఇదే. కిడ్నీ పాఠం తెరిచాను. ఎండెక్కేదాకా అదే పేజీ. లేచి నీళ్ళు తాగాను, నాలుగో చార్టుకు కాగితం కత్తిరించాను, అప్పుడు చెయ్యి ఆగింది. మొదటిసారి పరీక్ష ముందు కామెర్లయ్యాయి, అందుకే పోయిందన్నాను. రెండోసారి కరీంనగర్ హాస్టల్ పక్కన ఫంక్షన్ హాల్, రోజూ బారాత్ డీజే, అందుకే పోయిందన్నాను. ఈసారి చెప్పడానికి బాపు దీక్ష ఉండేది. దాన్నీ నేనే వెళ్ళగొట్టాను. ఇప్పుడు పోతే నాకు తెలివి లేకనే పోయినట్టు. కత్తిరించిన కాగితాన్ని చుట్టి మంచం కింద పడేశాను.

మధ్యాహ్నం బాపు భిక్షకు వచ్చాడు, ఒక్కడే. విస్తరాకు వేసి నేనే వడ్డించాను. అవ్వ పెరుగు తేవడానికి లోపలికి పోయింది. అన్నం కలుపుతూ నా మొహం చూడకుండా అడిగాడు.

“ఇప్పుడైతే సప్పుడు లేదు గద. సదువు సాగుతుందా?”

సాగుతోంది అందామని నోరు తెరిచాను.

“సాగుతలే బాపు. పరీక్షంటే బుగులైతుంది. సప్పుడున్నప్పుడే నయముండె. ఫెయిలైతే నీ పేరన్న చెప్పుకుందు.”

కలుపుతున్న చెయ్యి ఆగింది. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. నేను రెండుసార్లు ఫెయిలైనప్పుడు ఊళ్ళో నలుగురికీ జవాబు చెప్పుకున్నది తనే.

“అయితే మైకు మళ్ళ కట్టియ్యాల్నా?” అన్నాడు. “పాసైతే మంచిదే. కాకుంటె నా మీదికి నూకు. మా ఇంట్ల భజనకే పిల్ల సదువలేకపోయిందని ఊరోళ్ళకు నేనే చెప్త.”

హాస్యానికి అనడం లేదు. కట్టమంటే ఆ సాయంత్రమే కట్టించేవాడు.

“వద్దు బాపు,” అన్నాను. మేడ ఎక్కి, ఆదివారం ఆగిపోయిన టెస్టును మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టాను.