శాంసన్ బిగించిన బ్రేకు

తార్నాకలో మా వీధివాళ్లకు శాంసన్ అంటే ఎవరో తెలియదు. "వాల్వు తిరగేసినాయన" అంటే మాత్రం పాలవాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

ఆయన ఒకప్పుడు విమానాల మెకానిక్కు. బ్రేకులకు నూనె వెళ్లే గొట్టంలో ఒక వాల్వును తిరగేసి బిగించాడు. ఎటువైపు పెట్టాలో దాని ఒంటి మీద బాణం గుర్తు కూడా ఉంది. దిగేటప్పుడు బ్రేకు పట్టక విమానం రన్‌వే దాటి మట్టిలో కూరుకుపోయింది. ఎవరూ చావలేదు. చూసి సంతకం పెట్టాల్సిన ఇన్‌స్పెక్టరు చూడకుండానే పెట్టాడు. ఆయనకు ప్రమోషన్ వచ్చింది, శాంసన్‌కు ఉద్యోగం ఊడింది.

అప్పట్నుంచి ఇంట్లో ఆయన చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినవారు లేరు. గ్యాస్ రెగ్యులేటర్ ఆయన పెడితే భార్య హెలెన్ తీసి మళ్లీ పెట్టేది. మనిషిని రోజూ కొంచెం కొంచెంగా చంపడానికి శత్రువులెందుకు, ప్రేమగల కుటుంబం చాలు.

అలాంటిది ఒక ఆదివారం కూతురు దీప్తి అడిగింది. "నాన్నా, సైకిల్ బ్రేకు పట్టట్లేదు. రేపు లైబ్రరీకి వెళ్లాలి, కాస్త చూడవా?"

అప్పుడాయన మొహం చూడాల్సింది. చర్చి బట్టలైనా విప్పకుండా అటక మీది పనిముట్ల పెట్టె దించాడు. కొత్త బ్రేకు రబ్బర్లు వేశాడు. రబ్బరు కూర్చునే రేకు గూడుకు ఒకవైపే మూత ఉంటుంది. అది ముందుకు ఉండాలి, లేకపోతే నొక్కగానే రబ్బరు జారిపోతుంది. వేలితో తడిమి తడిమి చూసుకున్నాడు. సరిగ్గానే బిగించాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన తరఫున చెప్పేవాడు ఇంకెవడూ లేడు.

సాయంత్రం దీప్తి భర్త, ఆ ఇంట్లోనే ఉండే అల్లుడు ఎలీషా ఎవరికీ చెప్పకుండా సైకిలును వారాసిగూడలోని షాపుకు తీసుకెళ్లాడు.

"మా మామయ్య బిగించారన్నా. మొత్తం ఊడదీసి నువ్వు మళ్లీ వెయ్యి."

"గా ఇమానం సారా?" షాపు మొగిలి పగలబడి నవ్వాడు. "ఫికర్ జెయ్యకు, నేన్జూస్త." ఫోన్లో మాట్లాడుతూనే గూళ్లన్నీ తిరగేసి బిగించేశాడు.

మర్నాడు లైబ్రరీకి వెళ్తూ యూనివర్సిటీ క్యాంపస్‌లో దిగుడు రోడ్డు మీద దీప్తి బ్రేకు నొక్కింది. రబ్బర్లు జారి రోడ్డున పడ్డాయి. సైకిలు చెట్టుకు గుద్దుకుని ఆమె కుడి మణికట్టు విరిగింది.

చేతికి కట్టుతో ఇంటికొచ్చి అంది, "బాణం గుర్తున్నదాన్నే తిరగేసిన మనిషికి ఇచ్చాను చూడు, నాది బుద్ధి తక్కువ."

శాంసన్ సైకిలు పక్కన కూలబడి గూళ్లు చూశాడు. మూతలు వెనక్కున్నాయి. సరిగ్గా పెట్టినట్టు చేతులకు గుర్తుంది. కానీ ఆ చేతులను నమ్మడం ఆయన ఎప్పుడో మానేశాడు.

"నేనే తల్లీ, నేనే చేశాను," అని బావురుమన్నాడు.

ఎలీషా అక్కడే ఉన్నాడు. చెబుదామని నోరు తెరిచాడు కూడా. తెరిచి, "పోనివ్వండి మామయ్యా, వయసు," అన్నాడు.

మరుసటి వారం శాంసనే పనిముట్ల పెట్టె తెచ్చి అల్లుడి ముందు పెట్టాడు. "ఇంట్లో ఉంటే మళ్లీ చెయ్యి పెడతానేమో బాబూ. ఎవరికైనా ఇచ్చెయ్."

ఎలీషా దాన్ని తీసుకెళ్లి మొగిలికిచ్చి వచ్చాడు.

భోజనాల దగ్గర శాంసన్ అడిగాడు, "ఎవరికిచ్చావు?"

"పని తెలిసినవాడికే మామయ్యా."

"మంచి పని చేశావు," అని శాంసన్ పెరుగన్నం కలుపుకున్నాడు.