మెతుకులతో అతికించిన లేబుల్

లేబుల్ పీకమన్నది నేనే. ఆ తెలివితక్కువ సలహా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మా వదిన నీలమ్మ జహీరాబాద్ పక్కన రెండెకరాల్లో అల్లం వేస్తుంది. నేను ఆమె ఆడబిడ్డను. ఆమె కూతురు కావ్యకు పదకొండేళ్లు, ఆటిజం. మనసు చెదిరితే తన మణికట్టు తానే రక్తం వచ్చేలా కొరుక్కుంటుంది. గుల్బర్గా డాక్టరు గంజాయి ఆకుతో చేసిన, సర్కారు అనుమతి ఉన్న నూనె మందు రాసిచ్చాడు. "పని చేస్తుందని మాటివ్వలేను, పరిశోధనలు ఇంకా నడుస్తున్నాయి. మూడు నెలలు చూద్దాం, లాభం లేకుంటే ఆపేద్దాం" అన్నాడు.

సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ. మా అమ్మ బసమ్మ చూస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే లేబుల్ పీకించాను. వదిన దాన్ని పారేయలేదు. కావ్య నిద్ర, కొరుకుళ్లు రాసుకునే నోటుబుక్కులో పెట్టుకుంది.

చిరాగ్‌పల్లి దగ్గర పోలీసులు బస్సు ఆపి, అందరినీ దింపి సంచులు వెతికారు. పేరూ ఊరూ లేని సీసా దొరికింది. ఎస్సై మూత తీసి వాసన చూశాడు.

"కొబ్బరి నూనె సార్" అన్నాను.

వదిన నన్ను చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను.

"కాదు సార్. గంజాయి ఆకు మందు, నా బిడ్డది. ఇదిగో డాక్టర్ చీటీ, ఇదిగో లేబుల్. సీసా గుంజుకుంటే నేను బస్సెక్కను. మీతోనే ఠాణాకొస్త."

బస్సంతా మావైపే చూసింది. ఎస్సై లేబుల్ మీద నంబరు, సీసా అడుగున నంబరు పోల్చుకుని తిరిగిచ్చాడు.

"మందే అయితే ఎందుకు దాచిన్రమ్మా?" అన్నాడు.

వదిన లేబుల్‌ను మళ్లీ నోటుబుక్కులో పెట్టుకుంది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని వదిన నేరుగా వంటింట్లోకి పోయింది. నాలుగు అన్నం మెతుకులు నలిపి, మా అమ్మ కళ్ల ముందే లేబుల్ మళ్లీ అతికించింది.

"గంజాయా? నలుగురు ఏమంటరే?" అంది అమ్మ.

"ఆ నలుగురిని రమ్మను అత్తమ్మా. కావ్య కొరుక్కునేటప్పుడు ఒక్కసారి చేతులు పట్టుకొమ్మను. పని చెయ్యకుంటే మందు ఆపుత. దాచుడు మాత్రం ఇగ నాతోని కాదు."

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. సీసా అందరికీ కనబడేలా గూట్లోనే ఉంది. మందు మొదలై నాలుగు రోజులే. నోటుబుక్కులో కొరుకుళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి.

ఆ నాలుగో రోజే పక్కింటి రోజా వచ్చి, "గా ఆకు బొమ్మేంది పెద్దమ్మా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. అమ్మ జొన్నరొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు.

"నా మనుమరాలి మందు. నీకంత ఫికరుంటే మాపటికి రా. పిల్ల చేతులు పట్టుకుందువు గని."