తోట బావిలో ఫిరంగి గుండు

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని అందరికీ చెప్పుకునేవాణ్ణి. నిజానికి తెలియనిది బుద్ధి. పుదుచ్చేరిలో నాలుగు రోజులు సముద్రంలో మునగడం నేర్చుకుని, వీపున గాలి సిలిండరుతో ఫోటో దిగి, కారిమంగళం అంగడివీధి అంతటికీ చూపించాను. పాత యుద్ధాల్లో మైసూరు సైన్యం పోతూ పోతూ మా తోట బావిలో ఫిరంగి గుండ్లు పారేసిందని ఊళ్లో మాట. ఒకటి తెచ్చిస్తానని బడి హెడ్మాస్టరుకు మాటిచ్చేశాను. ఆయన అద్దాల పెట్టె చేయించి, దాని మీద మా అంగడి పేరు కూడా రాయించాడు. (సరైన తూకానికి మా తాత అంగడి పెట్టింది పేరు.) అవ్వ ఒక్కతే అడ్డుపడింది. "దిగేదొద్దురా. లోపల ఉండేవాళ్లని ఉండనీ" అంది.

మిట్టమధ్యాహ్నం దిగాను. పైన తాడు పట్టుకున్నవాడు నా స్నేహితుడు బొండా. రెండు నిలువుల లోతుకే వెలుగు ఆగిపోయింది. నా ఊపిరే ఎవరో వెనక నిలబడి గురకపెడుతున్నట్టు వినిపించింది. అడుగున బురదలో చెయ్యి పెడితే చల్లగా, నున్నగా, మనిషి తల తగిలింది. టార్చి వేశాను. నుదుట నామం. ఎప్పుడో పోయిన మా తాత బురదలోంచి నన్నే చూస్తున్నాడు. కేక పెడదామంటే నోటి నిండా గొట్టం. (మూడుసార్లు తాడు లాగితే పైకి తీయాలని ఒప్పందం. నేను ముప్పైసార్లు లాగానని బొండా ఇప్పటికీ అంటాడు.) కాళ్లు అడుగు వదిలేలోపు వేళ్లకు తుప్పు తగిలింది. తల కాదు, ఇనుప గుండు. గబుక్కున సంచిలో వేసుకున్నాను.

బొండా హెడ్మాస్టరును పిలుచుకురావడానికి పరుగెత్తాడు. నేను బురద గుండును గట్టు మీది అవ్వ ముందు పెట్టాను. ఆమె దాన్ని కొంగుతో తుడిచింది. ఉలితో చెక్కిన నామం బయటపడింది. మా అంగడి తూకపు రాళ్లన్నిటికీ అదే గుర్తు.

"ఫిరంగి గుండేరా. మీ తాతకు దున్నేటప్పుడు దొరికింది. వీశె రాయని చెప్పి దీంతోనే తూచినాడు. వీశెకు తక్కువుంటాది. మీ నాయన పుట్టినాక భయమేసి బావిలో వేసినాడు. ఆ పొద్దునుంచి ఎవరికి తూచినా పిడికెడు ఎక్కువే పోసినాడు" అంది.

ఊరంతా మెచ్చుకున్న తాత కొసరు అది. అవ్వ నన్నేమీ చెయ్యమనలేదు. వీధి మలుపులో హెడ్మాస్టరు గొంతు వినిపించగానే గుండును బావిలోకి వదిలేశాను. చాలాసేపటికి ఒక్క బుడగ పైకి వచ్చి, మెల్లగా నిట్టూర్చి పగిలింది.

"చెయ్యి జారింది సార్" అన్నాను.

ఆ అద్దాల పెట్టెలో ఇప్పుడు బడివాళ్ల కబడ్డీ కప్పు ఉంది. నాకు 'జారుచెయ్యి' అనే పేరు మిగిలింది. తాత అంగడిలో నేనే కూర్చుంటున్నాను. ఎలక్ట్రానిక్ తూకం మీద అంకె సరిగ్గా నిలిచాక ఇంకో పిడికెడు పప్పు వేస్తాను. "జారుచెయ్యి గదా, జారింది" అని కొనేవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, చెయ్యి మళ్లీ డబ్బాలోకి పోతుంది.