మలుపు దగ్గర నేను చూసింది

యాభై ఏళ్లకు పైగా ఒక మాటను గొంతులోనే పెట్టుకుని బతికాను. నా భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమే, కాదనను.

అరవై తొమ్మిది నాటి సంగతి. మోటారు సైకిల్ పందేల్లో అప్పటికి మా హైదరాబాదులో నర్సింగన్నను మించినవాడు లేడు. ఇల్లు చిక్కడపల్లి, షెడ్డు నారాయణగూడ. ఆ రేకుల షెడ్డులో ఆయన బండికి మెకానిక్‌ని నేను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు.

ఆయన మంచివాడని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. మలుపులో పక్కవాడికి దారి వదలడం ఆయన ఒంట్లోనే లేదు. అవతలివాడు బ్రేకు వేసేదాకా లోపలికి చొచ్చుకుపోతాడు. వెయ్యలేదా, వాడి ఖర్మ. ఒకసారి సికింద్రాబాదు నుంచి వచ్చిన పిల్లాణ్ణి అలాగే ముళ్లకంపల్లోకి నెట్టేశాడు. కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. గెలిచాక ఓడినవాళ్లతో చేతులు కలిపేవాడు కాదు. ఓడితే వారం రోజులు మాతో మాట్లాడేవాడు కాదు.

అయినా ఆయనంటే నాకు ప్రాణం. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆదివారం పొద్దున్నే ఆయన బండి చిక్కడపల్లి సందు దాటుతుంటే, నారాయణగూడలో టీ తాగుతున్న నాకు ఆ చప్పుడు తెలిసిపోయేది. ఇంజను కులాసాగా ఉందో, జ్వరం తగిలిందో చెప్పేసేవాణ్ణి. షెడ్డు ముందు బండి ఆపి, చేతి తొడుగులు తీసి నా పానాల పెట్టె మీద పడేసేవాడు. అంటే పని బాగుందని అర్థం. మెచ్చుకోలంటూ ఏమైనా ఉంటే అంతే. ఆ తొడుగులు పడ్డ రోజు నేను ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్లు నేల మీద ఉండేవి కావు. ఇప్పటికీ ఆ వీధిలో ఏ పాత బండి చప్పుడు వినిపించినా తల ఎత్తుతాను. ఆయన రాడని తెలుసు. తెలిసీ ఎత్తుతాను.

ఆ ఏడు ఆయనకు ఒక గట్టివాడు తగిలాడు. చలపతి. అశోక్‌నగర్‌లో ఉండే కోస్తావాళ్ల అబ్బాయి, తండ్రి ఆఫీసరు. ఇస్త్రీ చొక్కాతో పందానికి వచ్చేవాడు, మట్టి కొట్టుకుని గెలిచి వెళ్లేవాడు. వరసగా రెండు పందేలు నర్సింగన్న మీద గెలిచాడు. మెకానిక్‌ని 'గారు' అని పిలిచినవాడు నా జన్మలో అతనొక్కడే.

ఊళ్లో అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం. కాలేజీలు మూతపడి కుర్రాళ్లందరూ పందేల దగ్గరే చేరేవారు. మీవాడు, మావాడు అని జట్లు కట్టి అరిచేవారు. నేను చేసిన పనిని ఆ గొడవ మీదికి నెట్టేద్దామని ఎన్నోసార్లు చూశాను. కుదరలేదు. నాది అంత పెద్ద కారణం కాదు. ముందురోజు నర్సింగన్న షెడ్డులో కూర్చుని, ఈసారి ఓడితే బండి అమ్మేస్తానన్నాడు. అమ్మేస్తే నేనేం కావాలి? ఆ తొడుగులు ఎక్కడ పడతాయి? నా కారణం అదీ.

మా షెడ్లవాళ్లలో ఒక అలవాటు ఉండేది. పందెం మొదలయ్యే ముందు ఎవరి మెకానిక్ వాళ్ల బండిని ఆఖరుసారి చూడడు. అవతలివాళ్ల బండి చూస్తాడు. ఎవరికైనా తన చేత్తో బిగించిన నట్టు బిగుతుగానే కనిపిస్తుంది కదా, అందుకని. ఎంత పగ ఉన్నా ఆ చూపులో మాత్రం మోసం ఉండకూడదు. ఇది ఎవరూ రాసి పెట్టింది కాదు. నాకు పని నేర్పిన ఉస్తాద్ పానా పట్టుకోవడం కంటే ముందు నేర్పింది ఇదే.

ఊరి బయట, ఒకప్పుడు విమానాలు దిగిన పాత మైదానంలో పందెం. ముందురోజు వాన పడి నేల ఇంకా చెమ్మగా ఉంది. చలపతి బండి దగ్గర నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. "చైను పొద్దున్నే మార్చానండి, మెకానిక్ గారూ. అదొక్కటి కాస్త బాగా చూడండి," అన్నాడు.

చూశాను. చైను రెండు కొసలను కలిపే లాకు మీద సన్నని క్లిప్పు ఉంటుంది. దాని మూసి ఉన్న వైపు బండి ముందుకు పోతున్నప్పుడు చైను కదిలే దిక్కుకు ఉండాలి. అతను తిప్పి పెట్టాడు. అలా పెడితే దేనికైనా తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు. ఊడకుండా నెలలు నడిచిన బండ్లూ ఉన్నాయి. పట్టుకారుతో తీసి తిప్పి పెట్టడానికి నిమిషం పట్టదు. పట్టుకారు నా చేతిలోనే ఉంది.

లేచి, "అంతా బాగుంది," అన్నాను.

ఏమనుకున్నాను? చైను ఊడితే బండి ఆగిపోతుంది, అతను దిగి తోసుకుంటూ వస్తాడు, మేము గెలుస్తాం. అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తుంది.

మూడో చుట్టులో మలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చలపతి ముందు, నర్సింగన్న వెనక. నర్సింగన్న మామూలుగానే లోపలికి దూరాడు. రెండు బండ్లూ పక్కపక్కకు వచ్చాయి. సరిగ్గా అప్పుడే క్లిప్పు ఊడి, చైను తెగి చలపతి వెనక చక్రంలో చుట్టుకుంది. బండి ఎగిరి అతని కాలి మీద పడింది. పడినందువల్ల చైను తెగిందని అందరూ అనుకున్నారు. తెగినందువల్ల పడ్డాడని నాకొక్కడికే తెలుసు.

నర్సింగన్నే గుద్దాడన్నారు జనం. అనరా మరి? అన్నేళ్లుగా ఆయన చేసిందే అది. ఆస్పత్రిలో చలపతిని అడిగితే, తగిలాడో లేదో తెలియదు, పక్కనే ఉన్నాడు అన్నాడట. అది చాలింది. పందేలు జరిపే పెద్దలు ఆయన్ను ఇక రావద్దన్నారు.

ఆ సాయంత్రం షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. ఆయన కింద కూర్చుని నా వైపు చూశాడు.

"నువ్వు మలుపు కాడనే ఉన్నవ్ గదరా. నేను తగిలించిన్నా?"

లేదని చెబితే, మరి ఎందుకు పడ్డాడని అడుగుతాడు. చైను చూస్తాడు. ఆ బండి ఎవరు చూశారని అడుగుతాడు. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది.

"దుమ్ము లేసిందన్నా. సక్కగ కనవడలే."

తడి నేల మీద దుమ్మెక్కడిది? ఆయనకు ఆ సంగతి తట్టలేదు. లేదా నేను అబద్ధం చెబుతానని తట్టలేదు.

"నాకైతే తాకినట్టు తెల్వలే," అన్నాడు. కుడిచెయ్యి తిప్పి చూసుకుని, "మస్తుమందిని తోసిన గదరా. చెయ్యికి అలవాటైపోయింది. తోసే ఉంట," అన్నాడు.

ఆయన నమ్మేశాడు. జానెడు దారి కోసం కొట్లాడే మనిషి తన పేరు కోసం ఒక్క మాట కూడా కొట్లాడలేదు.

నెల తర్వాత అశోక్‌నగర్‌లో చలపతి ఇంటికి వెళ్లాడు, నన్ను వెంటబెట్టుకుని. నేను గేటు బయటే ఉండిపోయాను. జీవితంలో ఎవర్నీ ఏమీ అడగనివాడు తను చెయ్యని తప్పుకు క్షమించమని అడిగాడు. బయటికి వచ్చాక బండి స్టార్ట్ చెయ్యలేదు. చిక్కడపల్లిదాకా తోసుకుంటూ నడిచాడు. పక్కన నేను. ఆ దూరం ఎంతని? ఒక్క మాట చెప్పడానికి చాలినంత. చెప్పలేదు.

బండి అమ్మేశాడు. కవాడిగూడలో లేతు మిషను మీద పనికి కుదిరాడు. చలపతి మోకాలు మళ్లీ వంగలేదు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్లు అతను ఒక్కొక్కటే ఎక్కుతుంటే చూసి, పేపరు అడ్డం పెట్టుకున్న రోజులున్నాయి. నర్సింగన్న పోయి చాలా కాలమైంది. పదో రోజున ఆయన కొడుకు నన్ను పక్కకు పిలిచి, నాన్న ఒకాయన కాలు విరగ్గొట్టిన మాట నిజమేనా అని అడిగాడు. పాత మాటలెందుకన్నాను. నేను బతికే ఉండి, చూసిన కళ్లు నాకే ఉండి, అలా అన్నాను.

అంత కరుకు మనిషి కోసం ఇంతగా తపించడం మీకు వింతగా ఉండొచ్చు. ఆ షెడ్డు లేదు. ఆ మైదానంలో ఇళ్లు లేచాయి. ఇప్పుడు ఆయన వచ్చి ముఖం మీద కొట్టినా బాగుండు, వస్తే చాలు అనిపిస్తుంది.

క్షమించమని అడగను. అడిగితే ఇచ్చేందుకు ఆయన లేడు. మీరిచ్చినా అది నాకు చెల్లదు. ఆ సాయంత్రం అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇవ్వాలి. ఇన్నాళ్లకు నా నోట వస్తోంది.

అన్నా, నువ్వు తగిలించలే. మీ ఇద్దరి నడుమ మూరెడు జాగ ఉండె. నేను చూసిన.