ప్రతి టెస్టుకూ ముందు కాసేపు ఆగడం

కరోనా తగ్గి ఆఫీసులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న ఏడాది, ఎండలు ఇంకా ముదరకముందు, నన్ను బెంగళూరు నుంచి ఆత్మకూరు యూనిట్‌కు క్వాలిటీ మేనేజర్‌గా వేశారు. ఆత్మకూరులో సాఫ్ట్‌వేర్ ఆఫీసేమిటని మా బంధువులే నవ్వారు. సొంత ఊళ్ళకు వచ్చేసి ఇళ్ళలో కూర్చుని పనిచేస్తున్న వాళ్ళను వదులుకోవడం ఇష్టంలేక, కంపెనీ ఉదయగిరిలో ఉన్న తన చిన్న పాత ఆఫీసును ఇక్కడికి మార్చి, బస్టాండు దగ్గర ఒక ఎరువుల కొట్టు పైఅంతస్తు అద్దెకు తీసుకుంది. మాది పక్కనే చేజర్ల. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి ఊరి గాలి పీల్చుకుంటూ మిగిలిన సర్వీసు గడిపేస్తాడులే అని పైవాళ్ళు అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ యూనిట్ పనేమిటో ముందు చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు చేసే ప్రతి మార్పునూ, ఎవరు చేశారో పేరుతో సహా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను వెర్షన్ కంట్రోల్ అంటారు. ఇప్పుడు దాదాపు అందరూ గిట్ వాడుతున్నారు గానీ, అంతకు ముందుతరం వ్యవస్థలు కొన్ని పెద్ద సంస్థల్లో ఇంకా బతికే ఉన్నాయి. ఆ వ్యవస్థలకూ, ఆఫీసుల్లో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూపించే సాఫ్ట్‌వేర్‌కూ మధ్య లంకె వేయడం మా వ్యాపారం. దాన్ని ఇంటిగ్రేషన్ అంటాం. ఇటు మార్పు జరిగితే అటు తెలియాలి. తెలుస్తున్నదో లేదో రోజూ తమంతట తామే నడిచి చూసే పరీక్షలన్నిటినీ కలిపి టెస్ట్ సూట్ అంటాం. బాగుంటే పచ్చ, తేడా వస్తే ఎరుపు. కొత్త సూట్ మీద పనిచేయడానికి అందరూ ఎగబడతారు. పాత సూట్ అనగానే అందరికీ వేరే పనులు గుర్తొస్తాయి.

మా పాత సూట్‌ను షంషాద్ అనే అమ్మాయి చూసుకునేది. హోదా సీనియర్ టెస్ట్ ఇంజనీరే గానీ కాంట్రాక్టు మీద. ఆ పోస్టు ఆ ఒక్క సూట్ కోసమే మంజూరైంది. ఇంట్లో కొయ్య గరిటెలు చెక్కే కుటుంబం, భర్తకు ఉదయగిరిలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు, బిడ్డ బడి అక్కడే. రోజూ ఉదయగిరిలో నెల్లూరు బస్సెక్కి ఆత్మకూరులో దిగేది. అటూ ఇటూ తిరగలేని సంసారం కాబట్టి ఈ ఉద్యోగం పోతే ఆ చుట్టుపక్కల ఇంకో టెస్టింగ్ ఉద్యోగం దొరకదు. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సూట్ రాసినవాళ్ళు మన జిల్లా వాళ్ళేనని తెరిచి చూడగానే తెలిసిపోయేది. మామూలుగా పరీక్ష కోసం కల్పించుకునే పేర్లు ఏబీసీల్లో ఉంటాయి. ఇందులో చేజర్లలో జరిగిన మార్పును ఆత్మకూరులో కలిపితే వరికుంటపాడుకు కబురు అందిందా లేదా అని ఉండేది. వరికుంటపాడు అంటే ఏ సర్వరని ఒక విదేశీ కస్టమర్ నన్ను గంభీరంగా అడిగాడు. అది చాలా పాతదీ, నమ్మకమైనదీ అని అంతే గంభీరంగా చెప్పాను.

సూట్‌కు ఉన్న జబ్బు ఒకటే. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ అయ్యేది కాదు. ప్రతి టెస్టుకూ ముందు ప్రోగ్రాం ఏమీ చేయకుండా కాసేపు ఆగేది. ఇలా ఆగమని చెప్పే ఆజ్ఞను స్లీప్ అంటారు. సర్వర్ కుదురుకోవడానికి కావలసిన సమయమని మా పత్రాల్లో రాసి ఉంది. కస్టమర్లకూ అదే చెప్పాం. మధ్యాహ్నం ఎక్కడో ఒక ఎరుపు కనపడితే, సరిచేసి మళ్ళీ నడపడానికి మర్నాడు కూడా పోయేది.

నేను చేరిన కొద్ది వారాలకే హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ పాత సూట్ ఒక్క పూట లోపల ముగిసేలా చేయండి, లేదంటే ఈ త్రైమాసికంతో పాత ఇంటిగ్రేషన్‌నే ఆపేస్తాం అని. స్లీప్‌లు కత్తిరించి పారేద్దాం అన్నాను. షంషాద్ ఒప్పుకోలేదు.

"ఇంతకుముందు ఒకాయన తగ్గించి చూసినాడు సార్. కొన్ని ఎర్రగా అయిపోయినాయి. మళ్ళా పెట్టేసినారు. ఎందుకు ఉండాదో తెలీకుండా తీసేస్తే ఎట్ట?"

యూనిట్‌లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. ఒకరు రాసిన టెస్టును ఇంకొకరు తీసేయాలన్నా, మార్చాలన్నా రాసినవాళ్ళను ఒక మాట అడగాలి. పక్కవాడి చేలో గెనెం, అంటే గట్టు మీద చెయ్యివేసే ముందు అడగడం ఈ ప్రాంతంలో అలవాటే. ఆ అలవాటునే వీళ్ళు ఆఫీసుకు తెచ్చుకున్నారు. బెంగళూరులో అయితే నేను నవ్వేవాణ్ణి. ఇక్కడ నవ్వలేదు. వెర్షన్ కంట్రోల్‌లో ఆ స్లీప్ పక్కన పేరు చూస్తే మాలకొండయ్య అని ఉంది. ఎందుకు పెట్టాడంటే "ఆగే టైమ్ పెంచినాను" అని మాత్రం రాసి ఉంది. ఆయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. వరికుంటపాడు దగ్గర గొర్రెలు పెట్టుకున్నాడట. ఫోను చేస్తే ఎత్తలేదు.

ఒక ఆదివారం నా కారులో బయలుదేరి ఉదయగిరిలో షంషాద్‌ను ఎక్కించుకున్నాను. కోట గుట్ట వెనకపడ్డాక, చెప్పాల్సిన మాట ముందే చెప్పేయడం మంచిదనిపించింది. సూట్ త్వరగా ముగిస్తే దానికొక మనిషి ఎందుకని అడుగుతారు, నీ పోస్టుకే ఎసరు రావచ్చు అన్నాను.

"తెలుసు సార్. తగ్గకపోతే సూటే పోతాది. అప్పుడు అదీ పోతాది, నేనూ పోతాను. ఒకటన్నా ఉండనీ."

మాలకొండయ్య చేను గట్టున గొర్రెలకు మందు తాగిస్తున్నాడు. మమ్మల్ని చూసి, వచ్చిన పని విని, చేతిలో గొర్రెను వదిలేసి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందన్నా, దీనికోసరం ఇంత దూరం వచ్చినారా? ఆ స్లీప్ పెట్టింది నేనే. సర్వర్‌కు కాదు, కరెంటుకు."

ఆయన చెప్పింది ఇది. అప్పుడు ఆఫీసు ఉదయగిరిలో ఒక మేడమీద ఉండేది. మధ్యాహ్నాలు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. కంప్యూటర్లకు ఇన్వర్టర్ ఉంది. మోడెం మాత్రం కింద ఇంటి యజమాని గదిలో ఉండేది. ఇన్వర్టర్ వైరు అక్కడికి లాగితే గోడ పాడవుతుందని ఆయన ఒప్పుకోలేదు. కరెంటు వచ్చాక మోడెం మళ్ళీ లేచి నిలబడేదాకా ఆగకపోతే టెస్టులన్నీ ఎరుపే. అందుకని ప్రతి టెస్టు ముందూ ఆగమని పెట్టేశాడు. ఆ తర్వాత ఆఫీసు మారింది, మోడెం మారింది, మనుషులు మారారు. స్లీప్ మాత్రం సర్వర్ కోసమనే పేరు తెచ్చుకుని అలాగే నిలబడింది.

షంషాద్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నేనూ ఆ మేడమీదే చేరినాను గదన్నా! మోడెం చచ్చిపోతా ఉండేది బాగా గుర్తుండాది. దీనికీ దానికీ లంకె ఉండాదని నాకు తట్టనే లేదు."

"నీకే కాదుమ్మా, ఎవురికి తడతాది? అయితే ఒకటి. పాత సర్వర్ నుంచి మార్పుల చరిత్ర మొత్తం తెచ్చుకునే టెస్టులు రెండు మూడు ఉండాయి. వాటికి నిజంగానే టైమ్ కావాల. వాటికి స్లీప్ పెట్టబాకండి. జవాబు వచ్చిందా, వచ్చిందా అని అడగతా ఉండండి, రాంగానే ముందుకు పోండి."

మజ్జిగ ఇచ్చి పంపించాడు. దారి పొడుగునా మేమిద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం. సర్వీసులో అంత హాయిగా నవ్విన రోజులు నాకు ఎక్కువ లేవు.

షంషాద్ ఆ వారమంతా కూర్చుని స్లీప్‌లన్నీ తీసేసింది. గతంలో తగ్గించినప్పుడు ఎర్రబడినవి మాలకొండయ్య చెప్పిన ఆ రెండు మూడే. వాటికి ఆయన చెప్పినట్టే చేసింది. అప్పుడు ఇంకో టెస్టు ఎర్రబడింది. చూస్తే తప్పు టెస్టుది కాదు, మా సరుకుదే. రెండు మార్పులు వెంటవెంటనే వస్తే రెండో కబురు అందడం లేదు. ఇన్నాళ్ళూ టెస్టులు ఆగి ఆగి నడవడం వల్ల అది బయటపడలేదు. కస్టమర్లు మన టెస్టుల్లాగా ఆగరు కదా. ఆ లోపం కూడా సరిచేశాక, పొద్దున మొదలుపెట్టిన సూట్ ఆ పూటే టీ వేళకు పచ్చగా ముగిసింది. యూనిట్ అంతా లేచి చప్పట్లు కొట్టారు. కింద బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఇప్పటికీ ఆ ఆఫీసు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ ఉదయమే.

హెడ్డాఫీసు మమ్మల్ని మెచ్చుకుంది. పాత ఇంటిగ్రేషన్ నిలిచింది. కాంట్రాక్టుల పునరుద్ధరణ వచ్చినప్పుడు షంషాద్ పేరు కొట్టేసి ఉంది. సూట్ ఇప్పుడు అంతసేపు నడవడం లేదు కాబట్టి ఇతరులే తమ పని మధ్యలో చూసుకోగలరట. ఆమెను గిట్ కోసం నడిచే కొత్త సూట్‌లోకి తీసుకోమని రాశాను, ఫోనులో గొంతు పెంచాను, నెల్లూరు వచ్చిన డైరెక్టరును హోటల్లో కలిసి మరీ అడిగాను. మంజూరైన పోస్టు లేదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేయగలిగింది ఏమీ లేకపోయింది.

చివరి రోజు కంప్యూటర్ అప్పగించి సంతకం పెట్టాక, ఆమె నా గదికి వచ్చి కూర్చుంది.

"సార్, ఒకటి అడగతాను, నిజం చెప్పండి. నేను వాళ్ళు అడిగిన ఒక పూటకు మాత్రం తెచ్చి, మిగతాది నిదానంగా, నెలకు కొంచెం కొంచెం తీసుకుంటా పోయుంటే, ఇంకో ఏడాది ఉండేదాన్ని గదా?"

ఉండేదానివి అన్నాను.

"అట్ట చేయడం నాకు చేతకాదు లెండి," అని లేచింది. బస్సుకు వేళయింది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఏ సూట్‌నైనా తగ్గించే కాగితం నా ముందుకు వస్తే, అది తగ్గించిన మనిషికి రేపటి పని ఏమిటో రాయమని వెనక్కి పంపేవాణ్ణి. జవాబు రాని వాటిపై సంతకం పెట్టలేదు. దీనివల్ల మొండివాడనే పేరు వచ్చింది. నేను నేర్చుకున్నది ఇంతే: పనిని త్వరగా అయ్యేటట్టు చేసిన మనిషికే ముందుగా పని పోయే ఆఫీసులో, టెస్టులు పొద్దున మొదలైతే సాయంత్రానికి గానీ ముగియవు. వాటిని ఎవరూ తొందరపెట్టరు.