సమాధినడిగి చెప్పే వయసు

మలాకీ హెహిర్‌కి ఒకటే పిచ్చి. ఎవరి వయసైనా సరే, చచ్చినవాళ్లని అడక్కుండా చెప్పేవాడు కాదు. సమాధిరాయికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "ఆఁ... కాస్త గట్టిగా చెప్పమ్మా" అనేవాడు. చూసేవాళ్లకి ఒళ్లు జలదరించేది.

వాళ్ల ఊరు కిల్‌బ్రోన్‌లో ఎవరికీ పుట్టినరోజు తెలిసి చావదు. పుట్టుక ఆలస్యంగా రాయిస్తే జరిమానా అని తండ్రులు తేదీని ఇవతలికి జరిపేసేవాళ్లు. దాంతో సగంమంది పిల్లలకి పుట్టకముందే బాప్తిజం అయిపోయింది! ముసలివాళ్లకైతే ఆ సర్కారు రాతా లేదు. డెబ్బై నిండితే పింఛనని సర్కారు చాటించగానే సమాధుల్లోని తల్లులంతా మలాకీతో ఒకటే మాట: మా బిడ్డ డెబ్బై ఏళ్ల కిందట పెద్దగాలి ఊరిని ఊపేసిన రాత్రే పుట్టింది.

"ఊరంతా ఒకే రాత్రి పుడితే పురుడు పోసిందెవరయ్యా?" అన్నాడు విచారణకొచ్చిన పింఛన్ల అధికారి.

"మంత్రసాని కూడా ఆ రాత్రే పుట్టింది బాబూ!" అన్నాడు మలాకీ.

పక్కనే ఉన్న హొనోరా కాన్సిడైన్‌కి నవ్వు రాలేదు. ఆమెకి అరవయ్యారే. పింఛను రాకపోతే పేదల ఆశ్రమమే గతి. అక్కడికెళ్లినవాళ్లు శవమై తప్ప బయటికి రారు. చర్చి బాప్తిజం పుస్తకం లెక్కన హొనోరాకి డెబ్బైయొకటి. కానీ ఆ హొనోరా పొత్తిళ్లలోనే పోయిన అక్క. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టడం అక్కడ మామూలే.

"హొనోరా అనే పసిబిడ్డ పోయిందని విన్నాను. మరి నువ్వు ఏ హొనోరావి, అవ్వా?" అన్నాడు అధికారి.

హొనోరా గుండెలమీద సిలువ గుర్తు వేసుకుంది. చచ్చిన అక్కమీద అబద్ధమా, దేవుడా! అనుకుంది.

"ఆవిణ్ణెందుకు, పోయినదాన్నే అడుగుదాం పదండి" అని మలాకీ ఇద్దర్నీ శ్మశానానికి లాక్కెళ్లాడు. మిట్టమధ్యాహ్నమే పొగమంచు కమ్మేసింది. పేరు చెక్కని చిన్న రాయికి చెవి ఆనించాడు.

"దీని పేరు మేరీ అట బాబూ. హొనోరా బయటే ఉందట."

"నాటకాలా? జరుగు, నేనూ వింటా."

అధికారి వంగాడు. విన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "డెబ్బైయొకటే! డెబ్బైయొకటే!" అంటూ టోపీ వదిలేసి గేటు దాటాడు.

"ఏం విన్నాడు మలాకన్నా?"

"నాకేం తెలుసే? నేను రాయికి ఆనించేది చెవిటి చెవి. పిడుగు పడ్డా వినబడదు."

"మరి ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల వయసులన్నీ..."

"ఎవ్వరూ ఆ ఆశ్రమం పాలవకూడదు. అంతే. ఇంటికెళ్లి టీ పెట్టు, నేనొస్తున్నా" అని టోపీ తీసుకుని అధికారి వెనక పరుగెత్తాడు.

హొనోరా ఒక్కతే మిగిలింది. వంగి, రాయికి చెవి ఆనించింది.

"అక్కా, నీ ఏళ్లు వాడేసుకున్నానే. కోపమా?"

మట్టికింద పసిపిల్ల కిలకిలా నవ్వింది. హొనోరా గుండె ఝల్లుమంది. కాసేపటికి తనకీ నవ్వాగలేదు.