చిప్పుకు కప్పిన గొంగడి

పచ్చని సంసారాన్ని ముంచడానికి వరదే రానక్కర్లేదు, నాలాంటి అక్క ఒకతి ఉంటే చాలు. ఎట్లా ముంచానో చెబుతాను, వినండి. నవ్వితే నవ్వండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

మా ఆయన పోయాక సిద్దిపేటలో తమ్ముడు ఐలయ్య పంచన చేరాను. వాడికి రేడియోలు బాగుచేసే దుకాణం. కరెంటు తగ్గితే బోరుమోటారు కాలకుండా ఆపే బోర్డు ఒకటి తయారుచేశాడు. దానికోసమే బెంగళూరులో చెప్పి చేయించుకున్న చిప్పు వచ్చింది, ఒకే ఒక్కటి. జెర్రికున్నట్టు రెండు వైపులా కాళ్ళు, ఆ కాళ్ళన్నీ నల్ల స్పాంజిలో దిగేసి ఉన్నాయి. బోర్డులు కొనడానికి కొండపాక నుంచి వచ్చే సేటు ఎదుట బోర్డు మీద దీపం వెలిగితే దుకాణం నిలుస్తుంది. లేకపోతే తాళమే.

"అక్కా, పైలం. నేనొచ్చేదాక దీన్ని ముట్టకు," అని సేటును తీసుకురావడానికి బస్టాండుకు పోయాడు.

ముట్టకుండా ఉంటే నేను నేనెందుకవుతాను? ఎముకలు కొరికే చలి. వేలు పెట్టి చూస్తే చిప్పు మంచుముక్క. గొర్రెలు కాసే మా కురుమోళ్ళకు పుట్టిన బిడ్డకైనా, గొర్రెపిల్లకైనా మందు ఒకటే, గొంగడి. చిప్పును స్పాంజిలోంచి పీకి, మా ఆయన గొంగడితో బాగా రుద్ది, అందులోనే చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ళ అడుగుల చప్పుడు వినగానే తీసి మళ్ళీ స్పాంజిలో గుచ్చేశాను.

వాడు సేటును వెంటబెట్టుకొచ్చి ముందు ఉత్త బోర్డును మీటరుతో చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. చిప్పు గుచ్చి స్విచ్చి వేశాడు. దీపం లేదు. మళ్ళీ వేశాడు. లేదు. చిప్పు మీద వేలు పెట్టి చటుక్కున తీశాడు.

"గిట్ల కాలుతున్నదేందే అక్కా?"

"కాలదా మరి? అంతసేపు గొంగట్ల పెట్టి కాసిన."

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. "గొంగడి రుద్దితే చిటపటమంటది చూడు, గది కరెంటే. గది తాకితే చిప్పు లోపల సచ్చిపోతది. అందుకే నల్ల స్పాంజిల పెట్టి పంపిన్రు."

"పిడుగు పడ్డా గొంగడే కప్పుకుంటం కదరా."

"గీ పిడుగు గొంగట్లనే పుట్టిందక్కా."

సేటు లేచి చెప్పులు వేసుకున్నాడు. "మోటారును ఆపేది తర్వాత సంగతి ఐలయ్యా. ముందుగాల మీ అక్కను ఆపేది ఒకటి తయారుచెయ్యి."

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరకూడదంటారు. నేను గొంగట్లో తమ్ముడి కూడే పారబోశాను. దుకాణానికి తాళం పడింది.

అందుకే ఒట్టు. ఇకమీదట ఏ చిప్పు చలికి వణికి చచ్చినా గొంగడి కప్పను. మాలో గొంగడి మీద చెయ్యి వేసి అన్న మాటకు తిరుగులేదు.

వేశాను. చిటుక్కుమంది.